గూడబాతు గూడ వేస్తుంటే

శ్రోతలకు నమస్కారం.

మా చిన్నప్పుడు కాలవలో నీళ్లు అడుగంటితే, ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు నిలబడి, తాళ్లు పట్టుకుని గూడ, అంటే నీళ్లు తోడే బుట్ట, వేసేవాళ్లు. గూడ కిందికి దిగేది, నీళ్లు నింపుకునేది, పైకి లేచి చేలో కుమ్మరించేది. ఈ కాలం పిల్లలకు గూడ చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్తాం? నేనైతే ఆటపాక తీసుకెళ్లమంటాను. అక్కడ గూడబాతులు, అదే పెలికాన్లు, రోజూ గూడ వేస్తూనే ఉంటాయి.

ఆటపాక కైకలూరు పక్కనే, కొల్లేరు సరస్సులో. కొల్లేరు సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది? కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి పట్టుకుపోతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర పక్షుల అభయారణ్యం అన్నారు, 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకు, అదే రామ్‌సర్ జాబితాకెక్కింది.

తెల్లవారేసరికి పడవెక్కాం. మంచు పలచగా ఉంది. నీళ్లలో అటవీశాఖవాళ్లు నిలబెట్టిన ఇనుప స్టాండ్లు, వాటి నిండా పుల్లల గూళ్లు, గూటికో గూడబాతు. పక్కన కూర్చున్న పెద్దాయన "ఇవన్నీ సైబీరియావేనండి" అన్నాడు. ఈ సైబీరియా మాట మనవాళ్ల నోట పాతుకుపోయింది. సైబీరియా దాకా ఎందుకండీ, ఇది మన దేశపు పక్షే. పైముక్కు అంచున చుక్కలుంటాయి, మచ్చల ముక్కు గూడబాతు. 1946లోనే పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ గారు పశ్చిమ గోదావరి జిల్లాలో ఆరేడు అనే ఊళ్లో వీటి గూళ్ల కాలనీ చూసి లోకానికి చెప్పారు. అంత పాత చుట్టాలు మనకు.

కెమెరా తీశాను. టకటకా నలభై ఫొటోలు. అన్నింట్లోనూ పక్షి వీపే. పడవ నడిపే ఆయన నవ్వి, "తొందరపడకండి బాబూ, మనం కదలకపోతే అదే వత్తాదండి" అన్నాడు. పడవ ఆపేశాడు. కూర్చున్నాం. నీటికాకి ఒకటి మునిగి, ఎక్కడో తేలింది. ఇంకా కూర్చున్నాం.

వచ్చిందండీ. ఓ గూడబాతు తాపీగా ఈదుకుంటూ పడవకు పది బారల దూరంలోకి వచ్చింది. మెడ వెనక్కి మడిచి, ఒక్కసారిగా ముక్కు నీళ్లలోకి గుచ్చింది. కింది ముక్కు రెండు బద్దలూ విల్లులా వంగి దూరం జరిగాయి, మధ్యనున్న తోలుసంచి బుడగలా ఉబ్బింది. నీళ్లూ చేపా కలిసి అందులో. వెంటనే మింగదు. ముక్కు కిందికి వాల్చి, గుండెకు ఆనించి, నీళ్లన్నీ కార్చేస్తుంది. ఆ తర్వాతే తలెత్తి గుటుక్కుమనిపిస్తుంది. మన గూడకూ దీనికీ తేడా అదొక్కటే: మనం నీళ్లు ఉంచుకుంటాం, అది నీళ్లు పారబోసి చేప ఉంచుకుంటుంది.

అంతా కళ్లారా చూశాను. ఫొటో మాత్రం లేదు. ముక్కు గుచ్చే క్షణానికి నేను కెమెరా వెనక తెర మీద, అంతకుముందు తీసిన వీపుల ఫొటోలు చూసుకుంటున్నాను. తలెత్తేసరికి సగం అయిపోయింది, మిగతా సగం చూస్తూ కెమెరా ఎత్తడం మర్చిపోయాను. నోరు తెరుచుకుని ఉండిపోయానంటే నమ్మండి.

ఇంకొక్క మాట చెప్పాలి. కాస్త పొద్దెక్కాక ఇంకో పడవలో కుర్రాళ్లు గూళ్ల దగ్గరికొచ్చి చప్పట్లు కొట్టారు. ఎందుకు? ఎగిరితే ఫొటో బాగుంటుందని. నిజమే, బాగుంటుంది. రెండు మీటర్లకు పైబడిన రెక్కలవి. కానీ గూట్లో ఈక కూడా రాని పిల్లలుంటాయి. తల్లో తండ్రో రెక్కలు విప్పి, గొడుగులా అడ్డం నిలబడితేనే వాటికి నీడ. ఆ గొడుగు ఎగిరిపోతే పిల్ల ఎండకు మాడుతుంది. గుడ్డుంటే, కాకి కాచుకునే ఉంటుంది. అందుకని చప్పట్లు కొట్టకండి. ఈల వేయకండి. పడవను గూళ్ల కిందికి పోనివ్వమని డబ్బు ఆశ చూపించకండి. పక్షి మెడ నిక్కించి మీవైపే చూస్తూ, అటూ ఇటూ కదులుతోందంటే, మీరు దగ్గరికెళ్లిపోయారని. అక్కడి నుంచి వెనక్కి రావాలి. పొద్దున్నే వెళ్లండి, సూర్యుణ్ణి వీపుకు పెట్టుకోండి, ఒకేచోట అరగంట కూర్చోండి. అరగంట. నేను గడియారం చూసే చెబుతున్నాను.

ఇంటికొచ్చి చూసుకుంటే మూడొందల ఫొటోల్లో పనికొచ్చేవి నాలుగు. మిగతావాటిలో ఒకటి పదకొండు గంటల ఎండలో తీసింది, దూరం నుంచి. తెలుపంతా తేలిపోయింది, కొంచెం కదిలింది కూడా. రెక్కలు విప్పి నిలబడిన గూడబాతు, దాని కాళ్ల దగ్గర రెండు బోడితలలు. తీసేద్దామనుకుంటుంటే మా ఆవిడ భుజం మీంచి చూసి, "అదుండనీయండి" అంది. ఇప్పుడది మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

నమస్కారం.