హాన్స్, గుర్రం, ఫ్రాయిడ్

హోస్ట్: మేడమ్, టీచర్ల అర్హత పరీక్ష టెట్‌కి చదివేవాళ్లకి మనోలైంగిక వికాసం, అంటే పిల్లల్లో సుఖం కోరే చోటు వయసుతో మారుతూ వ్యక్తిత్వాన్ని మలుస్తుందన్న ఫ్రాయిడ్ సిద్ధాంతం, ఐదు దశలు. నోటితో పాలు తాగి సుఖపడే మౌఖిక దశ నుంచి వరస తప్పకుండా బట్టీ పట్టడమే. అసలు ఏ పిల్లల్ని చూసి రాశాడండీ ఈ మనోవిశ్లేషణ వైద్యుడు ఫ్రాయిడ్?

అతిథి: పిల్లల్ని చూసి కాదు! తన దగ్గరికొచ్చిన పెద్దవాళ్లు చెప్పుకున్న కలలు, జ్ఞాపకాలు... వాటిని బట్టి బాల్యాన్ని ఊహించాడు. పిల్లల్లో లైంగికత గురించి 1905లోనే రాసేశాడు. పిల్లాడి కేసు అచ్చయింది 1909లో.

హోస్ట్: హాన్స్ కేసు.

అతిథి: ఆఁ, వియన్నా పిల్లాడు, ఐదేళ్లవాడు. గుర్రం కరుస్తుందని వీధిలోకి వచ్చేవాడు కాదు. వైద్యం చేసింది వాళ్ల నాన్నే. మాక్స్ గ్రాఫ్, సంగీత విమర్శకుడు, ఫ్రాయిడ్ శిష్యబృందంలో మనిషి. కొడుకు అన్నవన్నీ రాసి పంపేవాడు. ఆ వైద్యం జరిగినన్నాళ్లలో ఫ్రాయిడ్ పిల్లాణ్ని కూర్చోబెట్టి మాట్లాడింది ఒక్కసారే, 1908 మార్చిలో.

హోస్ట్: ఒక్కసారా!

అతిథి: గుర్రం మూతి చుట్టూ నలుపు నాన్న మీసమట, కంటి గంతలు నాన్న కళ్లజోడట. అమ్మ కోసం నాన్నతో పోటీ, ఆ నాన్నంటే భయం, అది గుర్రం మీదకి మళ్లిందని తేల్చాడు. ఇంటికెళ్తూ పిల్లాడు అడిగాడు, ఇవన్నీ ముందే తెలియడానికి ప్రొఫెసర్‌గారు దేవుడితో మాట్లాడతారా అని. (నవ్వు) ఎంత బాగా పట్టేశాడో!

హోస్ట్: మరి ఆ భయం?

అతిథి: బస్సును లాగుతున్న గుర్రం వాడి కళ్లముందే కూలబడి కాళ్లు తన్నుకుంది. భయానికి అది చాలదా అన్నారు 1960లో ప్రవర్తన చికిత్స నిపుణులు వోల్ప్, రాక్‌మన్. వదిలేసి పోతానని తల్లి బెదిరించేదన్న సంగతి కూడా ఆ కేసులోనే ఉంది. తల్లీబిడ్డల బంధం మీద పనిచేసిన మనోవైద్యుడు బౌల్బీ దాన్ని పట్టుకున్నాడు, అమ్మ వదిలేస్తుందన్నదే అసలు భయం అన్నాడు. నాకు ఆయన మాటే సబబనిపిస్తుంది. హాన్స్ అసలు పేరు హెర్బర్ట్ గ్రాఫ్, తర్వాత న్యూయార్క్‌లో ఒపేరా దర్శకుడయ్యాడు. కుర్రాడిగా తన కేసు తనే చదివితే దాదాపు ఏదీ గుర్తుకు రాలేదట.

హోస్ట్: అయితే దశలు కొట్టేద్దామా?

అతిథి: పరీక్షలో రాయండి, మార్కులొదులుకోవద్దు. పాలు ఎప్పుడు మాన్పించారన్నదాన్ని బట్టి పిల్లల భవిష్యత్తు చెప్పి తల్లుల్ని మాత్రం బెదిరించొద్దు, దానికి ఆధారం లేదు. ఇప్పుడు ఆస్పత్రి పరిశోధనల్లో మనోలైంగిక వికాసం అన్న మాటకి అర్థమే వేరు. చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు పెద్దయ్యాక ప్రేమ, పెళ్లి, తమ శరీరం మీద నమ్మకం, వీటిలో తోటివాళ్లతో సమానంగా ఉన్నారా అని చూస్తారు. మెదడుకి కణితి వచ్చినవాళ్లు ఎక్కువగా వెనకబడుతున్నారు.

హోస్ట్: అది ఎలా తెలుస్తుంది?

అతిథి: వాళ్లనే అడుగుతారండీ.