మార్పుకి అడ్డం పడుతున్నది ఎవరు? ఎం.బి.ఏ.లో లీడర్‌షిప్, ఆర్గనైజేషనల్ చేంజ్ చదివితే ఏం తెలుస్తుంది

[దృశ్యం: రెండు పొరల గ్లవ్స్ వేసుకున్న చెయ్యి. చూపుడు వేలు టాబ్లెట్ తెర మీద పడుతోంది, లేస్తోంది, మళ్లీ పడుతోంది. తెర కదలదు.]

నమస్తే అండీ. ఈ చేతితోనే మొదలుపెడతాను. ఈ సబ్జెక్టు నాకు అర్థమైంది ఈ చెయ్యి వల్లే.

ఎం.బి.ఏ.కి ముందు నేనొక మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌లో పనిచేశాను. అక్కడ ప్రతి అడుగూ బ్యాచ్ రికార్డులోకి ఎక్కాలి. ఎన్ని కిలోలు వేశారు, ఎంత వేడి, ఎన్ని నిమిషాలు, ఎవరు చేశారు, ఎవరు సరిచూశారు. ఏళ్ల తరబడి ఇదంతా కాగితం మీదే నడిచింది. ఒక ఏడాది యాజమాన్యం కాగితాలు తీసేసి టాబ్లెట్లు పెట్టింది. రెండు గంటల ట్రైనింగ్, చివర్లో సమోసా, టీ. వారం తిరిగేసరికి ఎంట్రీలన్నీ ఆలస్యం. ఏంటా అని చూస్తే ఆపరేటర్లు అంకెల్ని పెన్నుతో గ్లవ్ మీద రాసుకుని, షిఫ్టు చివర్లో అన్నీ ఒకేసారి ఎక్కిస్తున్నారు. మందుల తయారీలో ఇది పెద్ద తప్పు. పని ఎప్పుడు జరిగితే అప్పుడే రాయాలి, అది మొదటి నియమం.

కారణం కనుక్కుని రిపోర్టు రాయమని నాకు చెప్పారు. నేను రాసిన మొదటి వాక్యం ఇది: 'సీనియర్ సిబ్బందిలో మార్పు పట్ల వ్యతిరేకత ఉంది.' పైవాళ్లు బాగుందన్నారు.

రిపోర్టు వెళ్లిపోయాక ఒక రోజు సీనియర్ ఆపరేటర్ ఒకాయన, మేమంతా బాబాయ్ అని పిలిచేవాళ్లం, నన్ను లోపలికి పిలిచాడు. "నువ్వు కూడా రెండు జతలు తొడుక్కుని ఒక్కసారి నొక్కి చూడు నాన్నా" అన్నాడు. నొక్కాను. నాలుగోసారికి పట్టింది, అదీ పక్కనున్న అంకె.

నేను వ్యతిరేకత అని రాసిపెట్టింది, నిజానికి వాళ్లు మాకిస్తున్న సమాచారం. రిపోర్టు రాసే ముందు నేను ఆ గదిలోకి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

[తెర మీద: లీడర్‌షిప్ అండ్ ఆర్గనైజేషనల్ చేంజ్]

ఇక సబ్జెక్టులోకి వద్దాం. ఎం.బి.ఏ. మొదట్లో అందరూ ఆర్గనైజేషనల్ బిహేవియర్ చదువుతారు. మనిషి పనిలో ఎలా ఉంటాడు, గుంపులో ఎలా ఉంటాడు, అదంతా. దాని మీద కట్టిన పై అంతస్తు ఈ పేపరు. చాలా చోట్ల రెండో ఏడాదిలో ఎలెక్టివ్‌గా వస్తుంది. పేరు చేంజ్ మేనేజ్‌మెంట్ అని ఉండొచ్చు, లీడింగ్ చేంజ్ అని ఉండొచ్చు. సిలబస్ చూస్తే 'ఇంతేనా, రెండు రాత్రులు చదివితే సరిపోతుంది' అనిపిస్తుంది. పాసవ్వడానికైతే నిజంగానే సరిపోతుంది. ఆ రెండు రాత్రుల చదువు మీకు ఎందుకూ పనికిరాదని చెప్పడానికే ఈ వీడియో.

ఎవర్ని అడిగినా మొదట చెప్పే పేరు కర్ట్ లెవిన్. జర్మనీలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త, యూదుడు. హిట్లర్ వచ్చాక 1933లో అమెరికా వెళ్లిపోయాడు, 1947లో చనిపోయాడు. పరీక్షల్లో ఈయన పేరు మీద మూడు డబ్బాల బొమ్మ గీయిస్తారు: కరిగించు, మార్చు, మళ్లీ గడ్డకట్టించు. 2016లో ముగ్గురు పరిశోధకులు ఆయన రాసినవన్నీ తిరగేసి చూసి, ఈ మూడు మెట్ల నమూనాని ఇంత పక్కాగా కట్టింది లెవిన్ కాదు, ఆయన పోయాక వచ్చినవాళ్లు అని వాదించారు. ఆయన రాతల్లో దాని గురించి ఉన్నది చాలా కొంచెం. డిగ్రీలో 'లెవిన్ నమూనా వివరించుము' అని అడుగుతారు. పీజీలో 'ఆయన నిజంగా అలా అన్నాడా? అని ఉంటే ఈ ఫ్యాక్టరీకి అది పనికొస్తుందా?' అని అడగాలి. అడగకపోతే ఫీజు దండగ.

లెవిన్ దగ్గర నాకు బాగా నచ్చింది ఇంకోటి. ఏ పరిస్థితయినా ఒకచోట నిలిచి ఉందంటే ముందుకి నెట్టే బలాలు, వెనక్కి పట్టే బలాలు సమానంగా ఉన్నాయని. ముందుకి నెట్టే బలం పెంచితే కదలొచ్చు, కానీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. వెనక్కి పట్టేదాన్ని తగ్గిస్తే ఒత్తిడి లేకుండా కదులుతుంది. ఎడ్లబండి చక్రం కింద రాయి పడిందనుకోండి. ఎడ్లని చెర్నాకోలతో బాదొచ్చు, దిగి రాయి తీయొచ్చు. మా ఫ్యాక్టరీలో టాబ్లెట్ వాడనివాళ్లకి మెమో ఇస్తామన్నారు. అది చెర్నాకోల. గ్లవ్ వేసుకున్నా పట్టే తెర తెప్పించడం రాయి తీయడం.

[దృశ్యం: పాత కుట్టు ఫ్యాక్టరీ వరుసలు, మడతపెట్టిన పైజామాలు.]

ఇప్పుడు చెప్పబోయేది ఈ కోర్సు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం. కొంచెం నెమ్మదిగా చెప్తాను.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో మారియన్ అనే ఊళ్లో హార్వుడ్ అనే పైజామాల ఫ్యాక్టరీ ఉండేది. దాని అధిపతి ఆల్‌ఫ్రెడ్ మారో స్వయంగా సైకాలజీలో డాక్టరేట్ చేసినవాడు, లెవిన్‌కి స్నేహితుడు. ఆ ఫ్యాక్టరీలో పని పద్ధతి మార్చినప్పుడల్లా గొడవే. పనివాళ్లు మానేసేవాళ్లు, ఉన్నవాళ్ల ఉత్పత్తి పడిపోయేది. అక్కడ పర్సనల్ మేనేజర్‌గా ఉన్న లెస్టర్ కాక్, పరిశోధకుడు జాన్ ఫ్రెంచ్ కలిసి ఒక ప్రయోగం చేసి 1948లో ప్రచురించారు.

మార్పు చాలా చిన్నది. ఇస్త్రీ చేసేవాళ్లు అప్పటిదాకా అరడజను చొప్పున ఒక అట్టముక్క మీద పేర్చేవాళ్లు. ఇకనుంచి అదే కొలత ఉన్న పెట్టెలో పేర్చాలి. పెట్టె కూడా అట్టముక్క ఉన్నచోటే పెట్టారు. డజనుకి రెండు నిమిషాలు అదనంగా ఇచ్చారు. అంతే! ఈ మొదటి గ్రూపుని కూర్చోబెట్టి, పోటీ పెరిగింది కాబట్టి మార్పు తప్పదని చెప్పి, కొత్త రేటు వివరించి, ప్రశ్నలకి జవాబులిచ్చి పంపేశారు. మన కంపెనీల్లో టౌన్‌హాల్ మీటింగ్ అంటారే, అచ్చం అదే.

ఇంకో గ్రూపులో అందరి తరఫున కొందరు ప్రతినిధులు చర్చలో పాల్గొన్నారు. మరో రెండు గ్రూపుల్లో అందరూ కూర్చుని, ఏ పని తీసేయొచ్చో, కొత్త పద్ధతి ఎలా ఉండాలో తామే తేల్చుకున్నారు.

ఏమైంది? మొదటి గ్రూపులో 40 రోజుల్లోనే నూటికి 17 మంది మానేశారు. ఉత్పత్తి పడిపోయి, లేవలేదు. ప్రతినిధులున్న గ్రూపు రెండు వారాల్లో కోలుకుంది. అందరూ పాల్గొన్న గ్రూపులు ఇంకా తొందరగా లేచి, మార్పుకి ముందున్న స్థాయి కన్నా 14 శాతం పైకి వెళ్లాయి. ఆ 40 రోజుల్లో ఒక్కరూ మానలేదు.

'ఆ మొదటి గ్రూపువాళ్లే మొండివాళ్లేమో' అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. కాక్, ఫ్రెంచ్‌లకీ ఆ సందేహం వచ్చింది. ఆ గ్రూపులో మిగిలిన 13 మందిని రెండున్నర నెలల తర్వాత ఇంకో కొత్త పనికి మార్చారు, ఈసారి అందర్నీ కూర్చోబెట్టి, వాళ్లచేతే తేల్పించి. చకచకా నేర్చుకున్నారు. మనుషులు వాళ్లే, అడిగిన తీరు మారింది.

ఇది చదివిన రాత్రి నేను నా పాత రిపోర్టు కాపీ తీసి చూసుకున్నాను. 'సీనియర్ సిబ్బందిలో' అని మొదలైన వాక్యం. మనుషుల స్వభావం గురించి రాశాను. వాళ్లని అడిగిన తీరు గురించి ఒక్క ముక్క లేదు.

ఈ పాఠాన్ని వేదంలా పట్టుకోవద్దు. గ్రూపులు చాలా చిన్నవి. 1960లో ఫ్రెంచ్ మరో ఇద్దరితో కలిసి నార్వేలోని ఒక చెప్పుల ఫ్యాక్టరీలో ఇలాంటి ప్రయోగమే చేస్తే ఉత్పత్తిలో అలాంటి తేడా కనిపించలేదు. ఒక దేశంలో పనివాళ్లు 'మమ్మల్ని అడగండి' అనుకుంటారు, ఇంకో దేశంలో 'మా యూనియన్‌ని అడగండి' అనుకుంటారు. రెండూ చదవాలి. ఒకటే చదివిన కన్సల్టెంటు ప్రమాదం.

ఇంకో మాట కూడా ఇక్కడే. 'మార్పు ప్రయత్నాల్లో 70 శాతం విఫలమవుతాయి' అని ప్రతి సెమినార్‌లో ఒక స్లైడు వస్తుంది. 2011లో మార్క్ హ్యూస్ అనే పరిశోధకుడు ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లి, నమ్మదగ్గ ఆధారం దొరకలేదని తేల్చాడు. ఇకమీదట ఆ స్లైడు కనిపిస్తే చెయ్యెత్తండి.

[దృశ్యం: హైదరాబాద్, 2009 జనవరి.]

లీడర్‌షిప్ వైపు వద్దాం. పుట్టుకతో వచ్చే లక్షణాలా, నేర్చుకునే నడవడా అన్న పాత చర్చ గైడ్లలో ఉంటుంది, చదువుకోండి. నేను పట్టుకున్నది రొనాల్డ్ హైఫెట్జ్ చెప్పిన తేడా. వైద్యం చదివి, హార్వర్డ్‌లో లీడర్‌షిప్ చెప్పినాయన. కొన్ని సమస్యలకి తెలిసిన పరిష్కారం ఉంటుంది, నిపుణుడు వచ్చి చేసిపోతాడు. ఇంకొన్నిటికి ఆ మనుషులే మారాలి, అంటే వాళ్లు ఏదో ఒకటి వదులుకోవాలి. మనుషులు ఎదురు తిరిగేది ఆ వదులుకోవడానికే అంటాడు. కొత్తింట్లోకి వెళ్లడం అందరికీ ఇష్టమే. పెరట్లో మామిడిచెట్టు వదిలి రావాలంటేనే నానమ్మ కదలదు.

దీనికి మన ఊరి కేసు సత్యం కంప్యూటర్స్, హైదరాబాద్ ఐ.టి. కంపెనీ. 2009 జనవరి 7, బుధవారం. ఖాతాల్లో ఉందని చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. పులి మీద స్వారీ లాంటిది, తినేయకుండా ఎలా దిగాలో తెలియలేదని ఆ లేఖలోనే ఉంది. నాలుగు రోజుల్లో కేంద్రం పాత బోర్డుని పక్కనపెట్టి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లని కొత్త బోర్డులో నియమించింది. తర్వాత ఇంకో ముగ్గురు చేరారు.

ఈ కేసుని క్లాసులో పెడితే ముందు అందరూ డబ్బు గురించే మాట్లాడతారు. జీతాలెలా, ఆడిట్ ఎలా, కొనేదెవరు. ఇవి నిపుణుల పనులు. కష్టమే అయినా దారి ఉంది. ఏప్రిల్ 13న షేరు 58 రూపాయల లెక్కన కంపెనీని టెక్ మహీంద్రా గెలుచుకుంది. దారి లేనిది ఇంకొకటి ఉంది. సుమారు 50 వేల మంది ఉద్యోగులు. నిన్నటిదాకా పెళ్లి సంబంధాల్లో గర్వంగా చెప్పుకున్న కంపెనీ పేరు, ఇవాళ పైకి అనలేని పేరు. తాము చెయ్యని తప్పుకి తలదించుకోవాలి, మళ్లీ ఆ తలతోనే రేపు పొద్దున క్లయింటుకి ఫోన్ చెయ్యాలి. దీనికి ఏ ఆడిటరూ మందివ్వలేడు.

అప్పుడు తీసుకున్న రెండు నిర్ణయాల మీద వాదించుకోండి, గంట ఇట్టే గడుస్తుంది. ఒకటి, ఫిబ్రవరిలో కొత్త సి.ఈ.ఓ.గా బయటివాళ్లని తేకుండా, లోపల ఎదిగిన ఎ.ఎస్. మూర్తిని పెట్టడం. మోసం జరిగిన ఇంట్లో ఇంటివాడికే తాళాలివ్వొచ్చా అని అడగొచ్చు. కానీ ఉద్యోగులు ఎవరి ముఖం చూసి ఆగుతారు? రెండోది, జూన్‌లో 'మహీంద్రా సత్యం' అని పేరు పెట్టడం. మచ్చపడ్డ మాటని తీసేయకుండా ఉంచారు. 2013లో టెక్ మహీంద్రాలో విలీనమయ్యేదాకా అది ఉంది. ఆ నాలుగేళ్లు ఉద్యోగులకి దుఃఖపడే గడువని నా అభిప్రాయం. అదే 2009లో పని లేని వేలమందిని తగ్గించిన జీతంతో 'వర్చువల్ పూల్' అని పక్కన కూర్చోబెట్టారు. కంపెనీ నిలబడింది నిజమే, దాని ఖర్చులో వీళ్ల భాగమూ ఉంది. కేసు రాసేటప్పుడు ఆ పేరా వదిలెయ్యకండి.

[దృశ్యం: నోట్‌బుక్, ఫోన్.]

ఎవరు తీసుకోవాలి ఈ పేపరు? డిగ్రీ అవ్వగానే ఎం.బి.ఏ.లో చేరినవాళ్లకి ఇది కాస్త గాల్లో ఉంటుంది. రెండు మూడేళ్లు ఎక్కడో ఒకచోట పనిచేసి, ఒక మార్పు కింద నలిగి వస్తే ప్రతి పేజీలో మీకు తెలిసిన ముఖం కనిపిస్తుంది. పని వదల్లేనివాళ్లకి పార్ట్‌టైం, ఎగ్జిక్యూటివ్ కోర్సులున్నాయి. హైదరాబాద్‌లో 1956లో పెట్టిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఇలాంటివి చెప్తోంది. ఎక్కడ చేరినా ఒకటి అడిగి చేరండి: అసైన్‌మెంటు మీ సొంత పనిచోటు మీద రాయనిస్తారా?

నాకు రాయనిచ్చారు. మార్పు జరిగిన చోటికి వెళ్లి, దాన్ని అనుభవించినవాళ్లతో మాట్లాడి రాయాలి. నేను బాబాయ్‌కి ఫోన్ చేశాను. అప్పటికి రిటైరయ్యాడు. గ్లవ్స్ సంగతి తెలుసు కాబట్టి, మంచి తెర మొదట్లోనే పెట్టి ఉంటే సరిపోయేది కదా బాబాయ్ అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "తెరదేముంది నాన్నా, కొన్నాళ్లకి అలవాటైంది. ఇరవై రెండేళ్లు ప్రతి బ్యాచ్ మీద నా సంతకం ఉండేది. ఎన్నేళ్లయినా ఫైలు తీస్తే నా చేతిరాత. మా అమ్మాయికి ఒకసారి చూపించా కూడా. ఆ డబ్బాలో ఏముంది, పాస్‌వర్డ్ కొడితే నంబరు పడుతుంది."