బోల్టు విప్పకముందు మాట

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద మాకొక రిపేరు షెడ్డు ఉంది. కార్లు, జీపులు, ట్రాలీ ఆటోలు ఎక్కువగా వస్తాయి. నాట్ల కాలంలో ఒకటో రెండో ట్రాక్టర్లు కూడా వచ్చి ఆగుతాయి. ఏ కంపెనీ ఏజెన్సీ లేదు, సొంతంగా నడుపుకునే షెడ్డు. గిరాకీకి, మేస్త్రీకి నడుమ వచ్చే పంచాయితీల గురించి ఈ పూట మాట్లాడతాను. వింటున్నవాళ్లలో షెడ్డు నడిపేవాళ్లు కొందరే ఉంటారు, బండి ఉన్నవాళ్లు చానామంది ఉంటారు. ఇద్దరి కష్టమూ చెప్పాలనే నా ప్రయత్నం.

బిల్లు దగ్గర గొంతు పెంచిన మనిషిని మేం మొండి గిరాకీ అనేస్తాం. మా షెడ్లలో అలవాటైపోయింది. నాకు మాత్రం అది సరి కాదనిపిస్తుంది. బానెట్ కింద ఏం జరిగిందో ఆ మనిషికి కనబడదు. సామాను మార్చామంటే మార్చారని నమ్మాలి, అంతే. పాత సామాను కడిగి మళ్లీ అదే బిగించి, కొత్తదాని పైసలు తీసుకునే మేస్త్రీలు ఉన్నారు. వాళ్ల దగ్గర ఒకసారి మోసపోయినవాడు మన షెడ్డు మెట్టు ఎక్కేటప్పటికే అనుమానంతో ఎక్కుతాడు. ఆ అనుమానం న్యాయమైనదే. పైగా ట్రాలీ ఆటో తోలుకునే మనిషికి బండి నిలబడితే ఆ పూట కిరాయి లేదు, ఫైనాన్స్ కిస్తీ మాత్రం తారీఖుకు కట్టాల్సిందే. ఆయన అరుపులో సగం భయమే ఉంటుంది. అది అర్థం చేసుకోని మేస్త్రీ ఎంత పనిమంతుడైనా షెడ్డు నడపలేడని నా నమ్మకం.

ఎండాకాలం మా దగ్గరికి వచ్చే గొడవల్లో ముందు చెప్పుకోవాల్సింది ఇంజన్ వేడెక్కడం. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అట్లాంటి ఒక మధ్యాహ్నం హాలియా దిక్కు నుంచి ఒక పెద్దమనిషి కారులో వచ్చాడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. అంతకుముందు వారమే మా దగ్గర బ్రేకులు చేయించుకుని పోయాడు.

"మీ దగ్గర బ్రేకులు చేపిచ్చినప్పటి సంది బండి హీటెక్కుతుంది తమ్మీ. ఏం కదిలిచ్చిండ్రో ఏమో" అన్నాడు.

బ్రేకులకూ దీనికీ సంబంధం లేదని అక్కడికక్కడే వాదానికి దిగొచ్చు. దిగితే మాత్రం మాటకు మాట పెరుగుతుంది. బ్రేకు పట్టేస్తే బండి బరువుగా లాగే మాట నిజమే, కాబట్టి ఆయన అనుమానాన్ని ముందు తీర్చాలి. నాలుగు చక్రాలూ జాకీ మీద లేపి, ఒక్కొక్కటి ఆయన చేతితోనే తిప్పించాం. తేలికగా తిరిగాయి.

"మామా, ఇంజన్ సల్లారనియ్యి. నువ్వు ఈడ్నే కూసో. నీ ముంగట్నే రేడియేటర్ విప్పుత."

చల్లారనియ్యాలి అనడానికి కారణం ఉంది. రేడియేటర్ లోపల నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి, అందుకే 100 డిగ్రీలు దాటినా మరగవు. వేడి మీద మూత తీస్తే ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది, నీళ్లు భగ్గున మరిగి మొహం మీదికి కొడతాయి. మొహాలు, చేతులు కాల్చుకునేది ఇట్లానే. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, ఎంత తొందరున్నా సరే.

చల్లారిన తర్వాత మూత తీసి టార్చి కొట్టి చూపించాను. లోపల ట్యూబుల మూతుల చుట్టూ తెల్లగా, అక్కడక్కడ పసుపు జీరతో పెంకు కట్టి ఉంది. కొన్ని ట్యూబుల నోళ్లు సగానికి పైగా మూసుకుపోయాయి. స్క్రూ డ్రైవర్ మొనతో గీకితే పొడి రాలింది. ఆయన దాన్ని అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపాడు.

"సున్నం లెక్కుంది గదా."

"సున్నమే మామా. ఏ నీళ్లు పోస్తున్నవ్?"

"ఏ నీళ్లు పోస్త, మా బోరు నీళ్లే."

నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మనుషుల ఎముకలకు అది చేసిన చేటు మనకు తెలుసు. రేడియేటర్‌ను పాడుచేసేది వేరే. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి గోడలకు పెంకులాగా పడతాయి. ఆ పెంకు దాటి వేడి బయటికి సరిగ్గా పోదు. అందుకే సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ నీళ్లు కలిపి పోయమంటాం. రెడీమిక్స్ డబ్బా అయితే నీళ్లు కలపకుండా నేరుగా పోయాలి. కూలెంట్ లోపల తుప్పు పట్టనివ్వదు, నీళ్లు మరిగే డిగ్రీని కూడా పెంచుతుంది. బోరు నీళ్లతో మిగిలే పైసలు ఎన్ని, రేడియేటర్ మార్చడానికయ్యే పైసలు ఎన్ని, మీరే లెక్క వేసుకోండి.

ఆయన బండిలో కథ అంతటితో అయిపోలేదు. మీటరులో ముల్లు ఎర్రగీత దాటినా ఆపకుండా తోలుకొచ్చాడు. అంత వేడి తగిలితే ఇంజన్ పైన మూతలాగా ఉండే అల్యూమినియం హెడ్డు వంగొచ్చు, దాని కింద సీలులాగా ఉండే గాస్కెట్ పోవచ్చు. వంగిందా లేదా అన్నది పై నుంచి చూస్తే తెలియదు, హెడ్డు దించాల్సిందే. సొంత షెడ్డు నడిపేవాళ్లంతా దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. "ఎంతైతది" అని గిరాకీ అడుగుతాడు, బండి పోనివ్వకూడదని మనం తక్కువలో తక్కువ ఒక లెక్క చెప్తాం. తీరా విప్పితే ఖర్చు రెండింతలవుతుంది. అప్పుడు ఎంత నిజం చెప్పినా ఆయనకు అది అబద్ధంగానే వినబడుతుంది.

కాబట్టి ఆయనకు మూడు లెక్కలు కాగితం మీద రాసిచ్చాను. గాస్కెట్ ఒక్కటే పోతే ఇంత. హెడ్డు వంగి, చదును చేయించడానికి లేత్‌కు పోతే ఇంత. హెడ్డు పగిలి ఉంటే మొత్తం మార్చాలి, అప్పుడు ఇంత. "విప్పినంక ఫోన్ చేస్త, ఫోటో పంపిస్త. నువ్వు సరే అన్నంకనే ముందటికి పోత" అన్నాను. హెడ్డు దించి, దాని మీద ఉక్కు బద్ద అడ్డంగా పెట్టి, సందులో ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పల్చటి రేకు, దూర్చి చూస్తాం. చాలా ఇంజన్లలో 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ దాకానే వంపు ఉండొచ్చు. కాగితం మందమంత వంపు ఉన్నా లేత్ పట్టించాల్సి వస్తుంది. ఆ గేజు దూరడం ఆయన ఫోన్‌లో వీడియోలో చూశాడు. బండి తీసుకుపోయే రోజు బిల్లు మీద ఒక్క మాట కూడా అనలేదు.

పాత సామాను పారేయొద్దు. మార్చిన ప్రతి ముక్కనూ ట్రేలో పెట్టి, బిల్లుతోపాటు గిరాకీ ముంగట పెట్టాలి. తీసుకుపోతానంటే సంచిలో వేసి ఇవ్వాలి. అది ఆయన సొత్తు. గిరాకీలు కూడా మొహమాటపడకుండా అడగండి, అడిగితే మేస్త్రీకి కోపం వస్తుందేమో అనుకోవద్దు.

ఇంకొన్ని గొడవలకు తెలియకపోవడమే కారణం. "మొన్ననే మార్చిన ఆయిల్ అప్పుడే నల్లబడ్డది, పాతదే పోసిండ్రు" అని డీజిల్ బండ్లవాళ్లు వస్తారు. డీజిల్ ఇంజన్‌లో మసి పుడుతుంది. ఆ మసిని గడ్డ కట్టనివ్వకుండా తనలో కలుపుకుని తిరగడం ఆయిల్ పని. కొద్ది దూరం నడవగానే నల్లబడిందంటే అది తన పని తాను చేస్తున్నట్టే. డబ్బా సీలు గిరాకీ ముందర తీసి పోస్తే ఈ పేచీ పుట్టనే పుట్టదు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్ 6 బండ్లు, అంటే పొగ కాలుష్యం తగ్గించే కొత్త నిబంధన ప్రకారం చేసినవి, వచ్చాక మా పని మారింది, గొడవలూ మారాయి. బైకుల్లో కార్బరేటర్ పోయి ఇంజెక్టర్ వచ్చింది, డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్లు వచ్చాయి. పానాలతో తెలిసేది తగ్గి, బండిలోని కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో తెలిసేది పెరిగింది. "మిషన్ పెట్టి చూసినందుకే పైసలా? ఏం రిపేర్ చేసినవని?" అని అడుగుతారు. స్కానర్ ఒక కోడ్ చూపిస్తుంది. పీ 0300 అని వచ్చిందనుకోండి, సిలిండర్లలో మంట సరిగ్గా పడటం లేదని దాని అర్థం. ప్లగ్గు వల్లనా, కాయిల్ వల్లనా, ఇంజెక్టర్ వల్లనా, ఎక్కడో గాలి లీకై వస్తోందా అన్నది అది చెప్పదు. ఒక్కొక్కటి పరీక్ష చేసి పట్టుకోవాలి. ఆ పట్టుకోవడమే అసలు పని, బిగించడం తర్వాతి మాట. దానికి మజూరీ తీసుకోవడంలో తప్పు లేదు. స్కానర్ పెట్టకముందే ఆ మజూరీ ఎంతో చెప్పకపోవడం మాత్రం తప్పు. కోడ్ చూసి ఊహ మీద సామాన్లు ఒకదాని వెనుక ఒకటి మార్చుకుంటూ పోయి, అన్నిటి పైసలూ గిరాకీ నెత్తిన వేయడం ఇంకా పెద్ద తప్పు.

కొందరు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తామే సామాను కొనుక్కొస్తారు. తేనివ్వండి. బిగించిన పనికి మాది జిమ్మా, సామానుకు కాదు అని బిల్లు మీద రాసి ముందే చూపిస్తే సరిపోతుంది.

ఇక ఉద్దర. మన జిల్లాలో ఇది లేకుండా షెడ్డు నడవదు. "వడ్లు అమ్మినంక ఇస్తనే" అని రైతు అంటే కాదనలేం, అనకూడదు కూడా. వడ్ల పైసలు ఎప్పుడు ఖాతాలో పడతాయో ఆయన చేతిలో లేదు. పైసలు రాకపోతే బండి ఆపేస్తామని మేస్త్రీలు బెదిరిస్తుంటారు కదా, అందులో చట్టం ఏమంటుందో రెండు వైపులా తెలుసుకోవాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, ఒక వస్తువు మీద కష్టపడి పని చేసినవాడు ఆ పనికి రావాల్సిన మజూరీ ముట్టేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. అయితే ఆ సెక్షన్ కిందనే దర్జీ ఉదాహరణ ఒకటి ఉంది. కోటు కుట్టగానే ఇచ్చేస్తాను, పైసలు మూడు నెలల తర్వాత ఇవ్వు అని దర్జీ ఒప్పుకుంటే, ఆ తర్వాత పైసల కోసం కోటు ఆపే హక్కు అతనికి లేదు. మన షెడ్డుకూ అదే వర్తిస్తుంది. ఉద్దరకు ఒప్పుకున్నాక బండి ఆపడం కుదరదు. ఇంకొక మాట, ఈ హక్కు ఆ బండికి చేసిన ఆ పని మజూరీకే. నిరుడు ట్రాక్టర్‌కు చేసిన పని బాకీ ఉందని ఈ రోజు వచ్చిన కారును పట్టుకుని కూర్చోకూడదు. ఉద్దర ఇస్తే తారీఖు వేసి సంతకం పెట్టించుకోండి. నోటి మాట మీద ఇచ్చిన ఉద్దర వల్ల పైసలు పోతాయి, చుట్టరికమూ పోతుంది.

అదే చట్టం 151వ సెక్షన్, మన చేతికి అప్పగించిన వస్తువును, మామూలు తెలివిగల మనిషి తన సొంతదాన్ని చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలంటుంది. లైసెన్స్ లేని పిలగానితో ట్రయల్ కొట్టించే షెడ్లవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. గిరాకీ వైపు చూస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. రిపేరు పని కూడా దాని కిందికి వస్తుంది, బిల్లు ఇవ్వకపోవడాన్ని ఆ చట్టం తప్పుగానే లెక్కగడుతుంది. రెండేండ్ల లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అంతకంటే ముందు 1915కు ఫోన్ చేసి సలహా అడగొచ్చు. బిల్లు ఇచ్చే మేస్త్రీకి ఈ చట్టంతో భయం లేదు, ఆ బిల్లే ఆయనను కూడా కాపాడుతుంది.

పనివాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. షెడ్డులో పానాలు అందించే పిలగాళ్లను నోటికొచ్చినట్టు తిట్టే గిరాకీలు ఉన్నారు. కోపం ఉంటే యజమానితో మాట్లాడమని అప్పటికప్పుడు చెప్పాలి, గిరాకీ పోయినా ఫరవాలేదు. పిలగాళ్ల ముందర మనం నోరు మూసుకుంటే, రేపు వాళ్లు పనిని ప్రేమించరు.

కొన్ని పనులు ఎంత బతిమిలాడినా చేయకూడదు. బ్రేకు తొక్కితే కీచుమని చప్పుడొస్తోంది, ఆ చప్పుడు ఒక్కటి ఆపు చాలు, పెండ్లికి పోవాలి అంటారు. చాలా కార్ల బ్రేకు ప్యాడ్లకు చిన్న ఉక్కు రేకు ఒకటి ఉంటుంది. ప్యాడ్ అరిగిపోయినప్పుడు అది డిస్కుకు తగిలి కీచుమనడానికే పెట్టారు. కొత్త ప్యాడ్ మీద సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటే, 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి మార్చాల్సిందే. ఆ రేకు వంచేస్తే చప్పుడు ఆగుతుంది. దానితోపాటు హెచ్చరిక కూడా ఆగిపోతుంది. నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కాక, ముందు లారీ ఆగినప్పుడు ఆ బండిలో ఉండేది ఆయన, ఆయన భార్యాపిల్లలు.

అట్లాంటప్పుడు చక్రం విప్పి ప్యాడ్ చేతికిస్తాం. వద్దంటే బిల్లు మీద ఇట్లా రాస్తాం: ప్యాడ్లు అరిగినయి, బండి నడపడం ప్రమాదం, మార్చమని చెప్పినం, గిరాకీ వద్దన్నరు. రాసి, సంతకం పెట్టమని పెన్ను ఇస్తాం. ఎక్కువమంది ఆ పెన్ను కింద పెట్టి, ప్యాడ్ల జత ఎంతనో, ఎంతసేపు పడుతుందో అడుగుతారు. ముందు రెండు చక్రాలకు గంట పని.

సెలవు. నమస్కారం.