సినిమా సంభాషణలు: మిత్రుల జ్ఞాపకానికి పరీక్ష

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ అంగడిలో కూర్చుని, పాత సినిమాల సంభాషణల మీద మిత్రులకు పరీక్ష పెట్టే అన్న ఈ రోజు మనతో ఉన్నారు. అన్నా, ఆ పరీక్ష ఎలా ఉంటుందో ముందుగా చెప్పండి.

అతిథి: సగం మాట నేను చెప్పి, మిగతాది పూర్తి చేయమంటే అది పరీక్షే కాదు తమ్ముడూ. కొస అందిస్తే చాలు, మిగిలినది తనంతట తానే నోటికి వస్తుంది. అందుకని నేను సన్నివేశం మాత్రమే చెప్పి, అక్కడ ఎవరు ఎవరితో ఏమంటారో చెప్పమని అడుగుతాను. అప్పుడు ఆ సినిమాను ఎన్నోసార్లు చూసినవారు కూడా తడుముకుంటారు.

వ్యాఖ్యాత: ఒక ఉదాహరణ చెప్పండి.

అతిథి: 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’నే తీసుకుందాం. ‘నరుడా, ఏమి నీ కోరిక’ అన్నది పాతాళభైరవి అని అందరూ చెబుతారు గానీ, ఆ పాత్ర ధరించిన నటి గిరిజ అని చెప్పేవారు తక్కువ. నేపాళ మాంత్రికుడి మాట అడిగితే మాత్రం ప్రతి ఒక్కరూ ఎస్వీ రంగారావు గారి గొంతు తెచ్చుకుని, చెయ్యెత్తి, ‘సాహసం చేయరా డింభకా’ అంటారు. సినిమాలో ఆయన పలికింది ‘శాయరా’. గొంతు, విరుపు, సందర్భం అన్నీ గుర్తున్నాయి. పింగళి నాగేంద్రరావు గారు రాసిన మాట ఒక్కటే జారిపోయి, ఆ చోట మనం రోజూ వాడే మాట వచ్చి కూర్చుంది.

వ్యాఖ్యాత: భావం సరిపోయింది కదా, మార్కు ఇవ్వకూడదా?

అతిథి: ఇవ్వను. ‘చేయరా’ అని పక్కింటి పెద్దాయన కూడా అనగలడు, ‘శాయరా’ అన్నప్పుడే అక్కడ మాంత్రికుడు కనిపిస్తాడు. రచయిత అంత శ్రద్ధగా ఎంచుకున్న మాటను అదే రూపంలో గుర్తుపెట్టుకోవడం మనం ఆయనకు ఇవ్వవలసిన గౌరవమని నేను గట్టిగా నమ్ముతాను.

వ్యాఖ్యాత: ‘మాయాబజార్’ సంగతి?

అతిథి: 1957 నాటి ఆ చిత్రానికీ మాటలు పింగళి వారివే. ‘ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయి’ అని ఘటోత్కచుడు అన్నాడని చిన్నపిల్లలకూ తెలుసు. మనవాళ్లనే అర్థంలో వాడిన ‘అసమదీయుల’కు ఎదురుగా, పరాయివాళ్లనే అర్థంలో ‘తసమదీయులు’ అన్న మాట పుట్టినప్పుడు మెచ్చుకోలుగా అన్నాడని, దానికి బహుమతిగా వీరతాడు వేయించాడని వరుస తప్పకుండా చెప్పేవారు మా బృందంలో పెద్దవాళ్లే. వాళ్లు ఆకాశవాణిలో సంక్షిప్త శబ్ద చిత్రాలు, అంటే కుదించిన సినిమా శబ్దాన్ని, విన్నవారు. బొమ్మ లేనప్పుడు చెవికి మాటే ఆధారం గనుక, అది వాళ్లలో గట్టిగా నాటుకుపోయిందని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: ఈ రెండు సినిమాలతో మన సీమకు బంధుత్వం కూడా ఉంది కదన్నా.

అతిథి: దగ్గరి బంధుత్వమే. రెండింటికీ దర్శకుడైన కె.వి.రెడ్డి గారు పుట్టింది తాడిపత్రిలో, నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డి గారిది మన కడప జిల్లా. సరే, ఇప్పుడు నీకు ఒక ప్రశ్న. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు అనే మాట ఏది?

వ్యాఖ్యాత: ‘మోసం గురూ!’

అతిథి: మార్కు నీదే. ఆ వేషం వేసిన పద్మనాభం గారిది ఏ ఊరు?

వ్యాఖ్యాత: అది మాత్రం మీరే చెప్పాలి.

అతిథి: ఇక్కడి సింహాద్రిపురమే తమ్ముడూ. టీ అంగడిలో పేకాట ఓడినవాళ్లంతా ఆయన మాటే అంటుంటారు, ఆయన మన జిల్లావాడని వచ్చే వారం వాళ్లకూ చెబుతాను.