చంకలో చంటిబిడ్డ, ఎదురుగా లిస్బన్ కొండలు: ఫోన్-ఇన్ కార్యక్రమం

(ప్రయాణాల మీద శ్రోతలు ఫోన్ చేసి అడిగే వారపు కార్యక్రమం ఇది. ఈ వారం అతిథి ఆరేళ్ళు లిస్బన్‌లో ఉండి, అక్కడే బిడ్డను కని పెంచి, ఇప్పుడు హైదరాబాద్ తిరిగొచ్చిన ఒక అమ్మ.)

యాంకర్: నమస్కారం. ఏడు కొండలు అనగానే మనకు తిరుమల గుర్తొస్తుంది. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌నూ ఏడు కొండల నగరమనే అంటారు. పసిబిడ్డతో ఆ ఊరు తిరగడం ఎలా అన్నది ఈ రోజు విషయం. మేడం, లైన్లో అప్పుడే ఒకరున్నారు. మియాపూర్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (మియాపూర్): నమస్తే మేడం. మా పాపకు తొమ్మిదో నెల. మే నెలలో నాలుగు రోజులు లిస్బన్ వెళ్తున్నాం, నేను, మా ఆయన, పాప. టికెట్లు కొన్నాక వీడియోలు చూశాను. ఎక్కడ చూసినా మెట్లే. అప్పటినుంచి ఒకటే టెన్షన్. తోసుకెళ్ళే స్ట్రోలర్ తీసుకెళ్ళాలా, ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ సరిపోతుందా?

అతిథి: ముందు నాకొకటి చెప్పమ్మా. పాపతో తిరుమల వెళ్తే అలిపిరి మెట్లు ఎక్కుతావా?

కాలర్: లేదండీ, బస్సులోనే.

అతిథి: లిస్బన్‌లోనూ అంతే చెయ్. కొండ ఎక్కే పని బస్సుకో లిఫ్టుకో వదిలెయ్. దిగేటప్పుడు మాత్రం నడువు, అప్పుడే ఊరు కనిపిస్తుంది. నేను వెళ్ళిన కొత్తలో ఇది తెలియక మా బాబును స్ట్రోలర్‌లో పెట్టి అల్ఫామా అనే పాత పేట సందుల్లో ఎక్కించాను. సగం దారిలో మెట్లు వచ్చాయి. వెనక్కి దిగలేను, పైకి మోయలేను. అక్కడే కూర్చుని ఏడ్చాను.

కాలర్: అయ్యో.

అతిథి: అందుకే అడిగినదానికి జవాబు, రెండూ తీసుకెళ్ళు. కొండ మీద క్యారియర్, చదును మీద స్ట్రోలర్. అక్కడి ఫుట్‌పాత్‌లు సిమెంటువి కావు. అరచేతిలో పట్టేంత సున్నపురాయి ముక్కలను ఒక్కొక్కటీ చేత్తో పేర్చి వేస్తారు. కల్సాడ అంటారు. రోసియో చౌక్‌లో అయితే తెలుపు, నలుపు రాళ్ళతో అలలు వేశారు, పెద్ద ముగ్గులా ఉంటుంది. కానీ జనం నడిచి నడిచి ఆ రాళ్ళు నున్నబడిపోయాయి. చినుకు పడితే జారతాయి. చిన్న చక్రాల స్ట్రోలర్ సందుల్లో ఇరుక్కుని ఊగిపోతుంది. చక్రాలు కాస్త పెద్దవిగా ఉండి, ఒంటి చేత్తో మడిచేది చూసుకో. ఖరీదుది అక్కర్లేదు. నీ చెప్పులు కూడా ముఖ్యమే, అడుగున రబ్బరు పట్టు ఉండాలి. దిగేటప్పుడు పడితే పాపతో పాటే పడతావు.

యాంకర్: చదును అన్నారు కదా, కొండల ఊళ్ళో చదును ఎక్కడుంటుంది?

అతిథి: ఉందండీ, దానికొక కథ కూడా ఉంది. 1755 నవంబర్ 1న లిస్బన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. వెంటనే సముద్రం పొంగింది, మంటలు అంటుకున్నాయి. కొండల మధ్య పల్లంలో ఉన్న ఊరు నాశనమైపోయింది. తర్వాత మంత్రి పొంబాల్ ఆధ్వర్యంలో ఆ పల్లాన్ని గీత గీసినట్టు తిన్నని వీధులతో మళ్ళీ కట్టారు. అదే బైషా. చదునుగా, వెడల్పుగా ఉంటుంది. అక్కడినుంచి తేజో నది ఒడ్డు పట్టుకుంటే పడమటివైపు బెలేం అనే పేట దాకా చదునే. తూర్పున పార్క్ దాస్ నాసోయిస్ అని ఒక పేట ఉంది, 1998 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టింది. పెద్ద అక్వేరియం కూడా అక్కడే. స్ట్రోలర్ తోసుకుంటూ ఎంతసేపైనా తిరగొచ్చు.

కాలర్: మరి రోజు ఎలా ప్లాన్ చేసుకోవాలి మేడం?

అతిథి: రోజుకు ఒక్క కొండమ్మా. ఎండ ముదరకముందే పాపను క్యారియర్‌లో కట్టుకుని పైకి వెళ్ళి, చూసి, దిగేయండి. మధ్యాహ్నం పాప నిద్రపోయే వేళకు చదును మీదికి వచ్చెయ్యండి. పాప స్ట్రోలర్‌లో పడుకుంటుంది, మీరు నది ఒడ్డున నడుస్తారు. మా బాబు ఎన్ని మధ్యాహ్నాలు ఆ నది గాలికి నిద్రపోయాడో! క్యారియర్‌లో పాప ముఖం ఎప్పుడూ కనబడుతూ ఉండాలి, తల వంచితే నుదుట ముద్దు పెట్టేంత ఎత్తులో ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు. ఇంకొకటి, ఎండ తగులుతోందని స్ట్రోలర్ మీద దుప్పటి కప్పేస్తారు కొందరు. దయచేసి ఆ పని చెయ్యకండి. లోపల గాలి ఆడక వేడెక్కిపోతుంది. నీడ చూసుకుని ఆగండి.

యాంకర్: బస గురించి కూడా ఒక మాట చెప్పండి.

అతిథి: బుక్ చేసేముందు రెండే ప్రశ్నలు అడగండి. ఎన్నో అంతస్తు? లిఫ్టు ఉందా? పాత ఇళ్ళలో చాలావాటికి లిఫ్టు ఉండదు. మేం మొదట అద్దెకు తీసుకున్న ఫ్లాట్ నాలుగో అంతస్తు. ఇరుకైన చెక్కమెట్లు. ఓనర్ ఫొటోల్లో కిటికీలోంచి నది చూపించారు గానీ మెట్లు చూపించలేదు. కిటికీ చూసి తీసుకోకండి, మెట్లు చూసి తీసుకోండి.

యాంకర్: బర్మింగ్‌హామ్ నుంచి ఒకరు. చెప్పండి సార్.

కాలర్ (బర్మింగ్‌హామ్): హాయ్ అండీ. మాకు ఏడాదిన్నర బాబు. వాడికి రైళ్ళంటే పిచ్చి. 28 నంబరు ట్రామ్ ఎక్కించాలని నా కోరిక. స్ట్రోలర్‌తో ఎక్కొచ్చా? కొండ మీదికి తాడుతో లాగే బండ్లు కూడా ఉంటాయంట కదా?

అతిథి: మడిస్తేనే ఎక్కొచ్చు. అది 1930ల నాటి పసుపుపచ్చ చిన్న బండి. మెట్టు ఎత్తు, లోపల దారి ఇరుకు. దాని ఒక చివర మార్తిం మోనీజ్, అక్కడ ఎక్కాలంటే పొడుగాటి క్యూ. నిలబడి వెళ్ళాల్సి వస్తే ఒక చేత్తో బాబు, ఒక చేత్తో స్ట్రోలర్, పర్సు జేబు దొంగల పాలు. రెండో చివర కాంపో ద ఒరీక్, అక్కడ పొద్దున్నే ఎక్కండి. సీటు దొరికే అవకాశం ఎక్కువ. బాబును కిటికీ పక్కన ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. వాడికి ఆ గంట మోత చాలు. అది కుదరకపోతే పోర్తాస్ దో సోల్ అనే చోట నిలబడండి. మలుపు తిరిగే ట్రామ్‌లన్నీ కళ్ళముందే వెళ్తాయి, వెనక నది కనిపిస్తుంది. ఎక్కినదానికంటే చూసినదాన్నే మా బాబు ఎక్కువ ఇష్టపడ్డాడు.

కాలర్: తాడు బండ్లు?

అతిథి: ఫ్యునిక్యులర్లు. 2025 సెప్టెంబర్ 3న వాటిలో గ్లోరియా అనేది అదుపు తప్పి 16 మంది చనిపోయారు. నేను ఎన్నిసార్లో బాబుతో ఎక్కిన బండి అది. ఆ వార్త చదివినప్పటి బాధ ఇప్పటికీ ఉంది. తర్వాత మిగతావీ తనిఖీల కోసం ఆపారు. మీరు వెళ్ళే రోజు ఏది నడుస్తోందో అక్కడే అడిగి తెలుసుకోండి. ప్లాన్ మాత్రం వాటి మీద పెట్టుకోవద్దు.

కాలర్: మరి కొండ మీది కోటకు ఎలా వెళ్ళాలి?

అతిథి: సావ్ జోర్జ్ కోటకు ప్రాసా ద ఫిగేరా నుంచి 737 బస్సు. చిన్న బస్సు, కోట దగ్గర్లో దింపుతుంది. నడవాలనుకుంటే ఉచిత లిఫ్టులు రెండున్నాయి. బైషాలో ఫాంకేరోస్ వీధిలో ఒక మామూలు బిల్డింగ్‌లోకి వెళ్తే లిఫ్టు ఉంటుంది, పై వీధిలో తేలతారు. అది దాటితే షావ్ దో లోరేరో అనే చోట, సూపర్‌మార్కెట్ ఉన్న బిల్డింగ్‌లో రెండోది. దాంతో కోట కింది వీధికి చేరిపోతారు. అక్కడినుంచి కొంచెమే ఎక్కుడు. చాలామంది టూరిస్టులు ఆ తలుపుల ముందునుంచే చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కుతారు. కోట లోపల మాత్రం గోడల మీదికి మెట్లే, స్ట్రోలర్ పనికిరాదు.

యాంకర్: బొమ్మల్లో కనిపించే ఆ ఇనుప లిఫ్టు?

అతిథి: శాంతా జుస్తా. 1902 నాటిది, 45 మీటర్ల ఎత్తు. అందంగా ఉంటుంది గానీ, అది నడుస్తున్నా దాని క్యూ బిడ్డతో నిలబడేది కాదు. బైషా-షియాదో మెట్రో స్టేషన్‌లోకి దిగి, ఎస్కలేటర్ల మీద కొండ మీది పేట షియాదో వైపు బయటికొస్తే అంత కొండా ఎక్కేసినట్టే. ఎస్కలేటర్ మీద స్ట్రోలర్ మడిచి, బిడ్డను క్యారియర్‌లోనే పెట్టుకోండి.

యాంకర్: విజయవాడ కాలర్, మీ ప్రశ్న.

కాలర్ (విజయవాడ): అక్కా నమస్తే. మా బాబుకు పదకొండు నెలలు. రాగిజావ, పప్పన్నం తప్ప ఏదీ ముట్టడు. అక్కడ ఏం పెట్టాలి? నెయ్యి ఇంటి నుంచి తీసుకెళ్ళొచ్చా?

అతిథి: నెయ్యి వద్దమ్మా. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం సామాన్లలో తేనివ్వరు. నెయ్యి, పాలకోవా, అన్నీ అందులోకే వస్తాయి. పసిపిల్లల పాలపొడికి మాత్రం మినహాయింపు ఉంది. కంపెనీ ప్యాకింగ్ ఉండాలి, తెరవకముందు ఫ్రిజ్ అక్కర్లేనిదై ఉండాలి, రెండు కిలోల లోపు ఉండాలి. రాగిపిండి, ఉగ్గుపొడి సంగతి వేరు, అవి పాల పదార్థాలు కావు. శుభ్రంగా ప్యాక్ చేసి పేరు రాసి పెట్టుకో. బియ్యం, కందిపప్పు కొనాలంటే మార్తిం మోనీజ్ వెళ్ళండి. ఆ చుట్టుపక్కల మనవాళ్ళ, బంగ్లాదేశ్ వాళ్ళ, నేపాల్ వాళ్ళ దుకాణాలు ఉంటాయి. నాకు ఇంటిమీద బెంగ పుట్టినప్పుడల్లా బాబునెత్తుకుని ఆ వీధికే వెళ్ళేదాన్ని. ఇంగువ వాసన వస్తే ప్రాణం లేచొచ్చేది.

కాలర్: నీళ్ళు? ఒకవేళ జ్వరం వస్తే?

అతిథి: కుళాయి నీళ్ళు తాగొచ్చు. పాలపొడికైతే కాచి వాడు. వీధిలో పచ్చ రంగు ప్లస్ గుర్తు కనిపిస్తే అది మందుల షాపు, ఫర్మాసియా. చిన్నవాటికి ముందు అక్కడే అడుగుతారు. మీ డాక్టరు రాసిచ్చిన జ్వరం మందు, బాబు బరువుకు ఎంత మోతాదో కాగితం మీద రాయించుకుని తీసుకెళ్ళు. అక్కడ అదే మందు వేరే గాఢతతో ఉండొచ్చు. ప్రభుత్వ ఆరోగ్య సలహాకు 808 24 24 24. ప్రాణం మీదికొస్తే 112. ఈ రెండూ ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి.

యాంకర్: క్యూల గురించి ఒక శ్రోత మెసేజ్ పంపారు. బిడ్డతో గంటలు గంటలు నిలబడాలా అని.

అతిథి: మంచి ప్రశ్న. మన తిరుమలలో ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం నుంచి పంపిస్తారు కదా, పోర్చుగల్‌లో అలాంటిదే దేశమంతటికీ చట్టం చేశారు. 2016లో వచ్చింది. చంకబిడ్డతో ఉన్నవాళ్ళు, గర్భిణులు, పెద్దవాళ్ళు, వికలాంగులు వస్తే ముందు వాళ్ళ పని చూడాలి. చంకబిడ్డ అంటే రెండేళ్ళ వరకు. ప్రభుత్వ ఆఫీసులకూ, ప్రైవేటు దుకాణాలకూ వర్తిస్తుంది. మొహమాటపడి వెనక నిలబడకండి. బిడ్డను చూపించి "ప్రియోరిదాద్" అనండి, ప్రాధాన్యం అని అర్థం. ఎవరూ ముఖం చిట్లించరు. బేకరీలో నేను చివర నిలబడితే ముందున్న ముసలాయనే నా చెయ్యి పట్టుకుని కౌంటర్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

యాంకర్: దుబాయ్ నుంచి ఒకరు... హలో? లైన్ కట్ అయింది. జూన్‌లో వెళ్తున్నామని మాత్రం వినిపించింది.

అతిథి: జూన్ అయితే 12వ తేదీ రాత్రి చూసుకోమనండి. సంత్ ఆంటోనియో పండుగ. అల్ఫామా అంతా జనం, పాటలు, సార్డీన్ చేపలు కాల్చే పొగ. పెద్దవాళ్ళకు చాలా బాగుంటుంది. పసిబిడ్డతో ఆ సందుల్లోకి వెళ్ళొద్దు. ఆ సాయంత్రం బెలేంలో గడపండి. 15 నంబరు ట్రామ్ పొడుగాటిది, కొత్తది, మెట్టు లేకుండా ఎక్కొచ్చు. జెరోనిమోస్ మఠం చర్చిలో వాస్కో డ గామా సమాధి ఉంది. 1498లో కాలికట్ తీరానికొచ్చినవాడే. మన చరిత్ర పుస్తకంలో చదివిన మనిషి అక్కడ రాతిలో పడుకుని ఉంటే కాసేపు కదలలేకపోయాను. పక్కనే 1837 నుంచి క్రీమ్ టార్టులు చేస్తున్న దుకాణం. బెలేం బురుజును మాత్రం బయటినుంచే చూడండి, లోపల గుండ్రంగా తిరిగే మెట్లు ఇరుకు.

యాంకర్: చివరి కాల్. రాజమండ్రి నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (రాజమండ్రి): నా వయసు అరవై నాలుగమ్మా. మా అమ్మాయి, అల్లుడు ఆ ఊళ్ళోనే ఉద్యోగం. మనవడికి ఐదో నెల. అమ్మాయి మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాలి, నన్ను రమ్మంటోంది. నాకు మోకాళ్ళ నొప్పులు. ఆ కొండల్లో బిడ్డను ఎత్తుకుని తిరగగలనా? ఎందుకూ పనికిరాకుండా కూర్చుంటానేమోనని భయం.

అతిథి: అమ్మా, మీ అమ్మాయి ఇల్లు ఎటువైపు?

కాలర్: ఏదో కాంపో... ఒరీక్ అని చెప్పింది. ట్రామ్ అక్కడ ఆగిపోతుందట.

అతిథి: మంచి చోటమ్మా! అది కొండ మీదే ఉంటుంది గానీ పైన వీధులన్నీ చదును. కూరల మార్కెట్టు, మందుల షాపు, అన్నీ దగ్గరే. మీరు కొండ దిగాల్సిన పనే లేదు. బిడ్డను ఎత్తుకుని నడవొద్దు, స్ట్రోలర్‌లోనే పెట్టండి. దాన్ని పట్టుకుని నడిస్తే మీకూ ఆసరా. కాకపోతే రాళ్ళు తడిగా ఉన్న రోజు బయటికి వెళ్ళకండి. వాలు మీద స్ట్రోలర్ తాడు మణికట్టుకు తగిలించుకోండి, ఆగినప్పుడల్లా బ్రేకు వెయ్యండి.

కాలర్: రోజూ ఎక్కడికి తీసుకెళ్ళను వాణ్ణి? భాష రాదు నాకు.

అతిథి: ట్రామ్ దారిలోనే ఒక తోట ఉంది. మొదటి వారం అమ్మాయితో వెళ్ళి దారి చూసుకోండి. పెద్ద పెద్ద చెట్లు, బాతుల చెరువు, పిల్లల ఆటస్థలం, పచ్చరంగు ఇనుప మండపం. ఎదురుగా తెల్లటి గోపురం చర్చి. పొద్దున అక్కడ బెంచీల మీద అమ్మమ్మలే కూర్చుంటారు. భాష అక్కర్లేదు. వాళ్ళు బిడ్డను చూసి "బెబే, బెబే" అంటూ దగ్గరికొస్తారు. మా అమ్మ ఆరు నెలలు ఉంది నా దగ్గర. పోర్చుగీసు ఒక్క ముక్క రాదు. వెళ్ళిపోయే రోజు ఆ బెంచీ మీది ముసలావిడ మా అమ్మను పట్టుకుని ఏడ్చింది.

కాలర్: తోట పేరు ఇంకోసారి చెప్పమ్మా. రాసుకుంటాను.

అతిథి: ఎస్ట్రేలా తోట. ఎస్ట్రేలా అంటే నక్షత్రం.

కాలర్: ఎస్... ట్రే... లా. రాశానమ్మా. అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేస్తాను, వస్తున్నానని.