ఆట ఆగాక చేతిలో ఏముంటుంది? అమెరికా కాలేజీ క్రీడాకారుల కెరీర్ కథ

[విజువల్: యానిమేషన్. చిన్నపిల్లల తరగతి గది. వెనక బెంచీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్న పొడుగాటి మనిషి.]

1982. షికాగోలో వెస్ట్‌సైడ్ ప్రెప్ అనే చిన్న బడి. క్లాసు నిండా చిన్నపిల్లలు. వాళ్ల మధ్యలో 23 ఏళ్ల మనిషి, ఎత్తు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. టీచరు కాదండీ, ఆయనా స్టూడెంటే. పేరు కెవిన్ రాస్.

ఈ బడికి రాకముందు ఆయన నాలుగేళ్లు కాలేజీలో ఉన్నాడు. క్రైటన్ యూనివర్సిటీ, బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్. డిగ్రీకి 128 క్రెడిట్లు కావాలి, ఆయనకి వచ్చినవి 96. ఆ 96లో ఏమేం ఉన్నాయంటే, తుపాకీ గురిచూసి కాల్చడం మీద ఒక కోర్సు, బాస్కెట్‌బాల్ సిద్ధాంతం మీద ఇంకో కోర్సు. అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ వాళ్లే ఇవి తీసుకోమన్నారట. బయటికి వచ్చేనాటికి చదవడంలో ఏడో తరగతి స్థాయి, భాషలో నాలుగో తరగతి స్థాయి. ఇది నా మాట కాదు, కోర్టు తీర్పులో ఉన్న మాట.

రాస్ కేసు వేశాడు. 1992లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఏమందంటే: చదువు సరిగ్గా చెప్పలేదన్న ఫిర్యాదు మేం వినం, అది మొదలుపెడితే ప్రతి విద్యార్థీ కోర్టుకొస్తాడు. కానీ చదువుకునే అవకాశం ఇస్తామని మాటిచ్చి, ఆ అవకాశమే ఇవ్వకపోతే, అది ఒప్పందం తప్పడం. ఆ మేరకు కేసు నడపొచ్చు.

ఈ రోజు వీడియో ఆ "అవకాశం" గురించి. అమెరికా కాలేజీలు తమ క్రీడాకారులకి కెరీర్ విషయంలో, వ్యక్తిగా ఎదిగే విషయంలో ఏం సాయం చేస్తాయి, అది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ బ్రోచర్‌లో ఫొటోగా మిగిలిపోతుంది. మన హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ టెన్నిస్ అకాడమీల్లో పిల్లల్ని అటు పంపాలని చూస్తున్న తల్లిదండ్రులున్నారు కాబట్టి, చివర్లో వాళ్ల కోసం కొంచెం విడిగా మాట్లాడతాను.

[విజువల్: టైటిల్ కార్డు.]

ముందు ఒక్క మాట గురించి చెప్పాలి. "స్టూడెంట్ అథ్లెట్". వినడానికి ఎంత గౌరవంగా ఉందో చూడండి. ఈ మాటని 1950ల్లో ఎన్‌సీఏఏ వాడుకలోకి తెచ్చింది. అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ అది. కాలేజీ ఆటలో దెబ్బ తగిలినవాళ్లు "మేం ఉద్యోగులం, మాకు నష్టపరిహారం ఇవ్వండి" అని అడగడం మొదలైన రోజులవి. వీళ్లు ఉద్యోగులు కారు, విద్యార్థులు అని చెప్పడానికి ఒక పేరు కావాల్సొచ్చింది. ఈ సంగతి ఎవరో విమర్శకులు కాదు, అప్పట్లో ఆ సంస్థని నడిపిన వాల్టర్ బయర్స్ తనే తర్వాత రాసుకున్నాడు. పేరు లాయర్ల అవసరం కోసం పుట్టింది. ఆ పేరులో "స్టూడెంట్" అనే సగాన్ని నిజం చేసే పని మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది.

ఎవరు మొదలుపెట్టారు? జార్జియా టెక్‌లో హోమర్ రైస్ అనే అథ్లెటిక్ డైరెక్టరు. 1980ల్లో "టోటల్ పర్సన్" అని ఒక కార్యక్రమం పెట్టాడు. ఆటతో పాటు చదువు, డబ్బు లెక్కలు, మాట తీరు, ఉద్యోగ ప్రయత్నం, ఇవన్నీ కూడా నేర్పాలని. 1994లో ఎన్‌సీఏఏ దాన్ని నమూనాగా తీసుకుని దేశమంతా "చాంప్స్ లైఫ్ స్కిల్స్" పేరుతో పెట్టింది. చదువు, ఆట, వ్యక్తిత్వం, కెరీర్, సమాజ సేవ, ఈ అయిదూ అందులో ఉన్నాయి. అక్కణ్ణుంచి ప్రతి పెద్ద కాలేజీలో క్రీడాకారులకి విడిగా ట్యూటర్లు, అడ్వైజర్లు, కెరీర్ కోచ్‌లు వచ్చారు. కొన్నిచోట్ల వాళ్ల కోసమే ఒక బిల్డింగు.

[విజువల్: స్క్రీన్ మీద పెద్ద అంకెలు: 5 లక్షలు... 2 శాతం.]

ఇంత ఎందుకు అంటారా? ఎన్‌సీఏఏ కాలేజీల్లో ఆడేవాళ్లు 5 లక్షల మందికి పైనే. ఫుట్‌బాల్, అంటే వాళ్ల ఫుట్‌బాల్, హెల్మెట్లు పెట్టుకుని ఆడేది, దాన్నీ బాస్కెట్‌బాల్‌నీ తీసుకుంటే, డ్రాఫ్ట్ వయసుకి, అంటే ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లని ఎంచుకునే వయసుకి, వచ్చినవాళ్లలో పెద్ద లీగులకి వెళ్లేది 2 శాతం లోపే. నూటికి మిగతా 98 మందికి 22 ఏళ్లకే రిటైర్మెంట్. మనవాళ్లు 58కో 60కో రిటైరై ఏం చేయాలో తోచక ఇంట్లో ఫ్యాన్లు తుడుస్తుంటారు చూడండి, ఆ ఖాళీతనం వీళ్లకి 22కే వస్తుంది. పైగా చిన్నప్పట్నుంచీ ఊళ్లో అందరూ "ఆ బాస్కెట్‌బాల్ అబ్బాయి" అనే పిలిచారు. ఆ మాట పక్కన పెడితే తానెవరో తనకే తెలియదు. మంచి కార్యక్రమాల్లో మొదటి సంవత్సరమే దీని మీద మాట్లాడతారు. చాలాచోట్ల మాత్రం చివరి సీజన్ అయ్యాక, ఏడుపు మొదలయ్యాక మాట్లాడతారు.

సరే, ఆఫీసు ఉంది, మనుషులున్నారు, కార్యక్రమాలున్నాయి. మరి సమస్య ఏంటి?

టైము.

[విజువల్: గడియారం. వారం క్యాలెండర్ నిండుతూ ఉంటుంది.]

1991 నుంచి ఒక రూలుంది. సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు, అంతకు మించి ఆట పని చేయించకూడదు. వారానికి ఒకరోజు సెలవు. బాగానే ఉందనిపిస్తుంది కదా? ఇప్పుడు లెక్క చూడండి. మ్యాచ్ ఉన్న రోజు ఎంతసేపు పట్టినా 3 గంటలుగానే రాసుకుంటారు. బస్సులో, విమానంలో గడిచే టైము లెక్కలోకి రాదు. కాలుకి ఐస్ పెట్టించుకునే టైమూ రాదు. "వాలంటరీ వర్కౌట్" అని ఇంకోటుంది. అంటే రాకపోయినా ఏమీ అనరు. రానివాణ్ని ఆడించరు, అంతే. ఎన్‌సీఏఏ స్వయంగా చేసే సర్వేల్లోనే డివిజన్ వన్, అంటే కాలేజీ ఆటల్లో పై స్థాయి, పిల్లలు ఆట మీద వారానికి 30 గంటలు దాటుతోందని చెబుతూ వచ్చారు. దాని పైన క్లాసులు. అంటే రెండు ఉద్యోగాలు.

ఇప్పుడు కెరీర్ ఆఫీసువాళ్లు మంగళవారం మూడింటికి రెజ్యుమే వర్క్‌షాప్ పెట్టారనుకోండి. మూడింటికి ప్రాక్టీసు. ఎవరొస్తారు? దెబ్బ తగిలి ఆడలేనివాడొస్తాడు.

ఈ టైము గొడవ చదువునీ వంచేస్తుంది. ల్యాబులుండే కోర్సులు మధ్యాహ్నం ఉంటాయి, ప్రాక్టీసూ మధ్యాహ్నమే. అందుకని ఇంజనీరింగు చేద్దామని వచ్చిన పిల్లాడు రెండో ఏడాదికి ఇంకేదో మేజర్‌లో, అంటే వేరే ప్రధాన సబ్జెక్టులో, తేలతాడు. ఒకే జట్టులో సగం మంది ఒకే మేజర్‌లో ఉంటే అర్థం చేసుకోవాలి, అది వాళ్ల ఇష్టం కాదు, టైమ్‌టేబుల్ ఇష్టం. దీనికి తోడు 40-60-80 అని డివిజన్ వన్‌లో ఇంకో రూలు. మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, అయిదో ఏడాదికి 80 పూర్తయి ఉండాలి. లేదంటే ఆడనివ్వరు. కెవిన్ రాస్ లాంటి కథ మళ్లీ జరగకూడదనే పెట్టిన రూలు, మంచి రూలే. కానీ 19 ఏళ్ల పిల్లకి "నాకు ఈ సబ్జెక్టు నచ్చలేదు, మారతాను" అనే స్వేచ్ఛ పోయింది. మారితే పాత క్రెడిట్లు కొత్త డిగ్రీకి పనికిరావు, శాతం పడిపోతుంది, బెంచీ మీద కూర్చోవాలి. ఒక తప్పు సరిదిద్దబోతే ఇంకోటి తగులుకుంది.

అన్నిటికన్నా పెద్దది వేసవి. అమెరికాలో ఉద్యోగానికి దారి వేసవి ఇంటర్న్‌షిప్ గుండా పోతుంది, ఇది అక్కడ చదివిన మన పిల్లలందరికీ తెలుసు. మామూలు స్టూడెంటు మే నెలలో సూట్‌కేసు సర్దుకుని కంపెనీకి పోతాడు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పిల్లలు క్యాంపస్‌లోనే ఉండి వెయిట్లు ఎత్తుతుంటారు. ఆగస్టులో అతని ఫ్రెండుకి జాబ్ ఆఫర్ ఉంటుంది, ఇతనికి భుజాలుంటాయి.

అందుకే నా లెక్కలో ఒక కాలేజీ కెరీర్ సాయం నిజమా కాదా అని చూడ్డానికి కొలబద్ద ఒక్కటే. బిల్డింగు ఎంత పెద్దది అని కాదు. ఎంతమంది కోచ్‌లు పిల్లల్ని వేసవిలో వదులుతారు?

[విజువల్: ఇంటర్వ్యూ టేబుల్. ఒకవైపు ట్రాక్ సూట్, ఇంకోవైపు కోటు.]

మంచి కెరీర్ కోచ్ చేసే పని ఒకటి నాకు భలే నచ్చుతుంది. ఇంటర్వ్యూలో "నేను క్రీడాకారుణ్ని, కష్టపడతాను, టీమ్‌లో పనిచేస్తాను" అంటాడు పిల్లాడు. అందరూ అదే అంటారు, ఎవరికీ చెవికెక్కదు. కోచ్ ఆపి అడుగుతుంది: "పోయిన సీజన్‌లో బాగా ఓడిపోయిన మ్యాచ్ చెప్పు. మర్నాడు పొద్దున ఏం చేశావ్?" వీడియో చూశామంటాడు. "ఎవరు చూడమన్నారు?" ఎవరూ అనలేదు, నేనే కొత్త పిల్లల్ని ముగ్గుర్ని కూర్చోబెట్టి ప్రతి తప్పూ ఆపి ఆపి చూపించాను అంటాడు. "ఇదిగో, ఇది చెప్పు." వాడికి తన దగ్గరున్నదేంటో వాడికే తెలియదు. ఆటల్లో ఉన్నవాళ్లని ఏరుకుని తీసుకునే కంపెనీలు అక్కడ ఉన్నాయి. కార్లు అద్దెకిచ్చే ఎంటర్‌ప్రైజ్‌కి అలాంటి పేరు ఎప్పట్నుంచో ఉంది.

రూల్స్ ఈ మధ్య కొంచెం గట్టిపడ్డాయి కూడా. 2024 ఆగస్టు 1 నుంచి డివిజన్ వన్ కాలేజీలు కెరీర్ కౌన్సెలింగు, జీవన నైపుణ్యాల శిక్షణ తప్పనిసరిగా ఇవ్వాలి. పూర్తి స్కాలర్‌షిప్ మీద ఆడి డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్లు పదేళ్ల లోపు తిరిగొస్తే ఆ చదువు ఖర్చు పెట్టుకోవాలి. ఆటలో తగిలిన దెబ్బలకి, వెళ్లిపోయాక కూడా కనీసం రెండేళ్లు వైద్యం చూడాలి. ఇక డబ్బు సంగతి. 2021 జులై 1 నుంచి పిల్లలు తమ పేరు, బొమ్మ వాడి ప్రకటనల్లో సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో వచ్చిన కోర్టు ఒప్పందంతో కాలేజీలే నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. 19 ఏళ్ల వాడి ఖాతాలో లక్షలు పడితే ట్యాక్సు ఎవరు కట్టాలో కూడా తెలియదు. కాబట్టి ఇప్పుడు లైఫ్ స్కిల్స్ క్లాసులో సగం ట్యాక్సు క్లాసే.

[విజువల్: భారత పటం నుంచి అమెరికా పటానికి గీత.]

ఇప్పుడు మనవాళ్ల సంగతి. మన దగ్గర క్రీడాకారుడి కెరీర్ అంటే ఒకటే మాట, స్పోర్ట్స్ కోటా. రైల్వే, పోలీసు, బ్యాంకు. బాగా గెలిస్తే ఇంకా పైకి. సింధు ఆంధ్రప్రదేశ్‌లో డిప్యూటీ కలెక్టరు, నిఖత్ జరీన్ తెలంగాణలో డీఎస్పీ. మంచిదే, కానీ అది గెలిచినవాళ్లకి బహుమానం. జిల్లా స్థాయిలో ఆగిపోయిన పిల్లకి అందులో ఏమీ లేదు.

ఆ దారి కాకుండా అటు వెళ్లినవాళ్లున్నారు. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీ టెన్నిస్ జట్టుకి ఆడాడు. తర్వాత 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం. నాకు ఇంకా నచ్చే కథ ఢిల్లీ కుర్రాడు తేజస్విన్ శంకర్‌ది. హైజంప్ స్కాలర్‌షిప్ మీద 2017లో కాన్సస్ స్టేట్‌కి వెళ్లాడు. రెండుసార్లు ఎన్‌సీఏఏ చాంపియన్. ఎగరడంతో పాటు అకౌంటింగ్ చదివాడు, డెలాయిట్‌లో ఉద్యోగమూ చేశాడు. 2022 కామన్‌వెల్త్ జట్టులో ముందు పేరు లేకపోతే ఢిల్లీ హైకోర్టుకెళ్లి, ఆఖరి నిమిషంలో చోటు దక్కించుకుని, 2.22 మీటర్లు ఎగిరి కాంస్యం తెచ్చాడు. మరుసటి ఏడాది హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో డెకాథ్లాన్, అంటే పది అంశాల పోటీ, అందులో రజతం. చేతిలో అకౌంటింగ్ డిగ్రీ ఉన్నవాడికి కొత్త ఆట ప్రయత్నించే ధైర్యం ఎక్కువుంటుందని నా అనుమానం.

తల్లిదండ్రులకి కొన్ని పచ్చి లెక్కలు. ఫుల్ స్కాలర్‌షిప్ అందరికీ రాదు. అబ్బాయిల టెన్నిస్‌కి ఎన్నో ఏళ్లు ఒక్కో డివిజన్ వన్ కాలేజీకి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే. ఆ అర ఏంటని నవ్వకండి, ముక్కలు చేసి పంచుతారు. 2025 ఒప్పందంలో చేరిన కాలేజీల్లో ఈ లెక్క మారింది. అయినా ప్రతి కాలేజీ అంత ఖర్చు పెట్టదు. డివిజన్ త్రీలోనూ, హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లోనూ ఆట పేరు మీద స్కాలర్‌షిప్ ఉండదు.

ఇంకోటి వీసా. మన పిల్లలు వెళ్లేది ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద. ప్రకటనల్లో డబ్బు సంపాదించడం అమెరికా పిల్లాడికి హక్కు, మన పిల్లాడికి వీసాకే ఎసరు పెట్టగల పని. కెంటకీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కార్ షీబ్వే, కాంగో నుంచి వచ్చినవాడు, జట్టు బహామాస్ టూర్‌కి వెళ్లినప్పుడు అక్కడ ప్రకటనల షూటింగ్ చేసుకున్నాడు. ఎందుకో అర్థమైంది కదా, అది అమెరికా గడ్డ కాదు. ఇంటర్న్‌షిప్‌కి కూడా సీపీటీ అనే పని అనుమతి కావాలి, మామూలుగా ఒక అకడమిక్ సంవత్సరం పూర్తయితే గానీ అది రాదు. డిగ్రీ తర్వాత ఓపీటీ అనే పని అనుమతి 12 నెలలు, స్టెమ్ డిగ్రీ, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, లెక్కల డిగ్రీ అయితే ఇంకో 24. అంటే ప్రాక్టీసుకి అడ్డమొస్తుందని కంప్యూటర్ సైన్స్ వదిలేసి ఇంకేదో తీసుకుంటే, పోయేది ఒక మేజర్ కాదు, రెండేళ్ల పని అనుమతి. దీన్ని కోచ్ చెప్పడు, ఆయనకి తెలియదు కూడా. ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడగండి, సంతకాలు పెట్టకముందే.

కోచ్‌తో వీడియో కాల్ వస్తుంది. ఇంట్లో అందరూ ఇస్త్రీ బట్టలేసుకుని కూర్చుంటారు, నాన్న ర్యాంకింగుల గురించి అడుగుతాడు. అది వెబ్‌సైట్లో దొరుకుతుంది. మీరు ఇది అడగండి: "పోయిన మూడేళ్లలో మీ జట్టులో వేసవి ఇంటర్న్‌షిప్‌కి వెళ్లినవాళ్లు ఎంతమంది? ఏ మేజర్లలో ఉన్నారు? వాళ్లలో వేరే దేశం నుంచి వచ్చినవాళ్లున్నారా? ఒకళ్లతో మాట్లాడొచ్చా?"

కోచ్ ఆగకుండా జవాబిచ్చి, ఆ సాయంత్రానికి ఒక నంబరు పంపితే ఒక లెక్క. "మా దగ్గర అద్భుతమైన కెరీర్ సెంటర్ ఉంది, లింకు పంపుతాను" అంటే ఇంకో లెక్క.

[విజువల్: ఫోన్ స్క్రీన్. లింకు వచ్చిన మెసేజ్. ఫేడ్.]