ఫోన్-ఇన్: పెద్దవాళ్ళని వృద్ధుల హోమ్‌లో ఎప్పుడు చేర్చాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. వృద్ధుల వైద్య నిపుణులు డాక్టరుగారు మనతో ఉన్నారు. లైన్లన్నీ నిండిపోయాయి. ముందుగా ఖమ్మం నుంచి... చెప్పండి.

ఖమ్మం కాలర్: నమస్తే సార్. మా నాయనకు 78 ఏండ్లు. అమ్మ పోయినంక ఒక్కడే ఉంటున్నడు. హోమ్‌ల చేర్పియ్యాల్నా అని.

డాక్టర్: స్నానం, బాత్రూం, తిండి సొంతంగానేనా?

కాలర్: అన్నీ ఆయనే చేసుకుంటడు. పొద్దుగాల వాకింగ్ గూడ పోతడు.

డాక్టర్: ఆయన్ని అడిగారా?

కాలర్: అడగలే సార్.

డాక్టర్: అడగండి. వయసు లెక్కేసి చేర్చేది కాదు బాబూ ఇది. బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీలు వేయించండి, వంటకి మనిషిని పెట్టండి. రాత్రి పిలిస్తే పలికేవాళ్ళెవరో చూసుకోండి.

వ్యాఖ్యాత: థాంక్యూ అండి. తణుకు నుంచి...

తణుకు కాలర్: హలో... హలో, వినపడతందా అండి?

వ్యాఖ్యాత: టీవీ సౌండ్ తగ్గించండమ్మా.

కాలర్: ఆ, తగ్గించానండి. మా అత్తగారి గురించండి. 82 ఏళ్ళు. ఏనాడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడేమో ఎవరు నువ్వంటున్నారు. మొన్న అర్ధరాత్రి గడియ తీసుకుని వెళ్ళిపోయారండి. పాలబ్బాయి కాలవ గట్టు మీద చూసి తీసుకొచ్చాడు. మావారికి రాత్రి డ్యూటీలు. నాకా మోకాళ్ళు. మా మరిది హైదరాబాదులో ఉంటాడు, హోమ్ అంటే చాలు, ఊళ్ళో పరువేం గాను అంటాడు. వచ్చి ఒక్క పూట ఉండడండి. సంక్రాంతికి వచ్చినా కూడా...

డాక్టర్: అమ్మా, అమ్మా. మరిది సంగతి తర్వాత. ఈ మతిమరుపు మెల్లగా వచ్చిందా, ఒక్కసారిగానా?

కాలర్: మూడేళ్ళ నుంచీ ఉందండి. వినాయకచవితి తర్వాత మాత్రం ఒక్కసారే ఎక్కువైపోయింది. పగలు నిద్ర, రాత్రంతా గోడ మీద పురుగులు పాకుతున్నాయని దులుపుతానే ఉంటారు.

డాక్టర్: మూత్రం పరీక్ష చేయించారా?

కాలర్: లేదండి. జొరం లేదు కదా అని.

డాక్టర్: పెద్దవాళ్ళకి మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. అయోమయమే మొదటి లక్షణం కావచ్చు. సోడియం తగ్గినా అంతే. నిద్రమాత్రలేమైనా ఇస్తున్నారా?

కాలర్: మెడికల్ షాపబ్బాయి ఇచ్చాడండి... సగం బిళ్ళే.

డాక్టర్: ఎన్నిసార్లు చెప్పాలండీ ఈ కార్యక్రమంలో! ఆ బిళ్ళతోనే తికమక పెరగొచ్చు, తూలి పడితే తుంటి విరుగుతుంది. అలాగని మీ అంతట మీరు ఠక్కున ఆపకండి. రేపే బిళ్ళల అట్టతో సహా డాక్టరుకి చూపించండి. మూత్రం, సోడియం, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. మలబద్ధకం ఉందేమో, చెవిలో గులిమి ఉందేమో చూపించండి. ముందు డాక్టరు, తర్వాతే హోమ్.

కాలర్: అంటే హోమ్ వద్దంటారా అండి?

డాక్టర్: అలా అనలేదు. ఇవన్నీ సరిచేసినా మూడేళ్ళ మతిమరుపు ఉండనే ఉంటుంది. రాత్రిళ్ళు మళ్ళీ తలుపు తీస్తున్నా, మంచం మీంచి లేపడానికి ఇద్దరు కావల్సి వచ్చినా చేర్చొచ్చు.

కాలర్: గ్యాస్ కూడా ఒకసారి వెలిగించకుండా తిప్పి వదిలేశారండి.

డాక్టర్: రాత్రి రెగ్యులేటర్ దగ్గరే కట్టేసి పడుకోండి. గడియ ఆవిడ కంటికి ఆననంత పైకి పెట్టించండి. అంతేగానీ లోపల ఆవిణ్ణి ఉంచి బయట తాళం వేసి వెళ్ళొద్దు.

కాలర్: సరేనండి. అయితే హోమ్‌లో వేస్తే పాపం కాదంటారా?

డాక్టర్: మళ్ళీ అక్కడికే వచ్చారు (నవ్వు). నిద్రల్లేక రేపు మీరే పడిపోతే ఆవిణ్ణి చూసేదెవరమ్మా? మరిదిగార్ని ఓ వారం వచ్చి రాత్రిళ్ళు కూర్చోమనండి, పరువు గురించి అప్పుడు మాట్లాడదాం. హోమ్ చూడ్డానికి మాత్రం ఫోన్ చేసి వెళ్ళకండి. భోజనాల వేళకి వెళ్ళండి. మంచాన ఉన్నవాళ్ళకి ఎవరు తినిపిస్తున్నారు, మింగేదాకా ఆగుతున్నారా లేక కుక్కేస్తున్నారా చూడండి. రెండేసి గంటలకి పక్కకి తిప్పుతున్నారా, రాత్రి ఆయాలెందరు, అడగండి. చాలా వృద్ధాశ్రమాలు నడిచి తిరిగేవాళ్ళనే తీసుకుంటాయి. మతిమరుపు దాచి చేరిస్తే వారం తిరక్కుండా తీసుకుపొమ్మంటారు. డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.

వ్యాఖ్యాత: అమ్మా, చాలామంది లైన్లో...

కాలర్: ఒక్క మాటండి. ఆవిడకి చెప్పి తీసుకెళ్ళాలా, ద్వారకా తిరుమల అని చెప్పనా?

డాక్టర్: దేవుడి పేరు చెప్పి దింపేసి రాకండి. ముందు ఇద్దరూ ఒక పూట వెళ్ళి కూర్చుని రండి. చేర్చే రోజున ఆవిడ దుప్పటి, పూజలో పెట్టుకునే పటం వెంట ఉండాలి.

వ్యాఖ్యాత: అనంతపురం. త్వరగా చెప్పండి సార్.

అనంతపురం కాలర్: నేను రిటైర్డు సార్. ఇల్లు కొడుకు పేర రాసిచ్చినా. ఇప్పుడు నన్ను ఆశ్రమానికి పో అంటాడు.

డాక్టర్: మీకు ఇష్టమేనా?

కాలర్: నా ఇల్లు సార్ అది!

డాక్టర్: నేను లాయర్ని కాదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకి 2007 చట్టం ఉంది, ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. మిమ్మల్ని చూసుకోవాలనే షరతు మీద రాసిచ్చి ఉంటే, 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు రద్దు కోరొచ్చు. షరతు రాయించారా?

కాలర్: చూడాల సార్.

డాక్టర్: చూడండి. 14567కి ఫోన్ చేయండి, వృద్ధుల హెల్ప్‌లైనే అది.

వ్యాఖ్యాత: చివరిగా డల్లాస్ నుంచి...

డల్లాస్ కాలర్: నమస్తే డాక్టర్‌గారు. అమ్మ గుంటూరులో ఒంటరిగా ఉంటుంది. రోజూ వీడియో కాల్‌లో చూస్తాను, బాగానే ఉంది. చుట్టాలే కంగారు పెడుతున్నారు.

డాక్టర్: వీడియోలో పది నిమిషాలు ఎవరైనా బాగానే ఉంటారు బాబూ. ఆ చుట్టాల్లో ఒకర్ని వెళ్ళి ఫ్రిజ్, మందుల డబ్బా తెరిచి చూడమనండి. మిగిలిన బిళ్ళలు లెక్కపెడితే తెలుస్తుంది వేసుకుంటున్నారో లేదో. ఈమధ్య పడ్డారా?

కాలర్: ఒకసారి బాత్రూంలో... హలో? హలో?

వ్యాఖ్యాత: లైన్ కట్టయినట్టుంది. సమయం కూడా అయిపోయింది. డాక్టరుగారికి ధన్యవాదాలు.